అలివి తాడుకు వచ్చిన కారు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది నలభై ఏడేళ్ళ మీద, అదీ సాయంత్రం పూట లాంతరు కింద నడిచిన ఆడవాళ్ళ బడిలో. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. పొట్టలో చుక్క ఉన్న అక్షరాలూ లేని అక్షరాలూ నాకు అక్కచెల్లెళ్ళలాగా ఒక్కలాగే కనబడతాయి. ఒక పేజీ అయ్యేసరికి పొయ్యి మీద కూర అడుగంటుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇది మా అత్త పోలేరమ్మ కథ. అత్తను పేరు పెట్టి రాయడం నాకు అలవాటు లేదు. కానీ ఊరికే అత్త అత్త అంటే ఎవరి అత్త అని మీరు అడుగుతారు. అందుకని పేరు పెట్టే రాస్తున్నాను. ఆమె పోయి చాలా కాలమైంది, ఏమీ అనుకోదు. అనుకున్నా ఇక్కడిదాకా వినబడదు.

*

అరవై రెండో సంవత్సరంలో మైపాడు బస్సుకు కొత్త కండక్టరు వచ్చాడు. వచ్చిన వారానికే, చేపల గంపలు బస్సెక్కకూడదు అన్నాడు. పాత కండక్టరుకు అప్పుడప్పుడు రెండు చందువ చేపలు చేతిలో పెడితే గంపలు వాటంతట అవే వెనక సీటు కిందికి దూరిపోయేవి. కొత్తవాడు చేపలు తినని మనిషి. అతని చేతిలో ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు.

"నీళ్ళు కారతాయి, వాసన కొడతాది. ఇందుకూరుపేటలో ఎక్కే పెద్దమనుషులు మొగం తిప్పుకుంటుండారు" అన్నాడు అతను.

"తిప్పుకోనీ నాయనా, మెడ వాళ్ళదే గదా" అన్నది పోలేరమ్మ.

అతను ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది. పోలేరమ్మా, ఆమె జతగత్తె ముసలమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ గంపలతో రోడ్డు మీద నిలబడ్డారు.

మరునాడు పోలేరమ్మ నడిచి చూసింది. చీకటితోనే బయల్దేరి, చీర పైకి దోపుకుని, నెత్తిన గంపతో నెల్లూరు దాకా నడిచింది. మార్కెట్టు చేరేసరికి ఎండ ఎక్కింది. గంపలో కానగంత చేపల కళ్ళు తెల్లబడ్డాయి. కొనేవాళ్ళు బొటనవేలితో నొక్కి చూసి, గుంట పడగానే పక్కకు పోయారు.

చేపలు పోయినందుకు ఆమెకు అంత దిగులు లేదు. దిగులంతా రాయి గురించి. నెల్లూరు చేపల మార్కెట్టులో పోలేరమ్మకు ఒక రాయి ఉంది. అంతకు ముందు ఆమె తల్లి కూర్చున్న రాయి అది. నడుమ అరిగి పల్లం పడింది. ఆ పల్లం కొలత తీసి చేయించినట్టు పోలేరమ్మకు సరిపోతుంది. పక్కన గోడ నీడ, ఎదురుగా నీళ్ళ పంపు, పేరు పెట్టి పిలిచే వాడిక మనుషులు. అయితే మార్కెట్టులో పద్ధతి ఒకటే. మనిషి కనబడినంత కాలమే రాయి ఆ మనిషిది. కొన్నాళ్ళు కనబడకపోతే ఇంకొకరు గోనె పరిచేస్తారు. ముసలమ్మ రాయి మీద అప్పుడే ముత్తుకూరు రొయ్యలామె ఒకతె చేరిపోయి, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

ఈలోగా చెంగయ్య అనే బేరగాడు సైకిలు మీద ఒడ్డంతా తిరగడం మొదలుపెట్టాడు. "మీకెందుకమ్మా ఈ తిప్పలు? పడిన చేప పడినట్టే నాకు పొయ్యండి. ఇంటికి పోయి చాప ఏసుకుని పడుకోండి" అనేవాడు.

"నువ్విచ్చే దానికి చాప కూడా రాదే అన్నా, దేని మీద పడుకునేది?" అని అడిగింది పోలేరమ్మ.

ఎండ ఎక్కకముందు పోయి ఆ రాయి మీద కూర్చోవాలి. ఆమెకు కావలసింది అంతే. ఎట్లా పోవాలో మాత్రం తెలియదు.

*

అప్పుడే ఒడ్డున ఉన్న బంగళా గేటుకు ఒక పలక వేలాడింది. దాని మీద ఏం రాసిందో పోలేరమ్మకు చదవడం రాదు. ఆ ఇంటి కారు డ్రైవరు జకరయ్య చదివి చెప్పాడు, 'కారు అమ్మబడును' అని.

ఆ బంగళా బుచ్చిరెడ్డిపాలెం రంగనాయకులు గారిది. ఆయనకు ఆయాసం. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే, సవక తోపు పక్కన బంగళా కట్టించి, మద్రాసులో ఒక దొర దగ్గర కారు కొన్నాడు. ఆ కారు చేసిన కంపెనీ పేరు పలకడం పల్లెలో ఎవరికీ రాలేదు. పండిన నేరేడు పండు రంగు. మాగచేపంత పొడుగు మూతి, ఆ మూతి మీద రెక్కలు చాచిన వెండి పక్షి. లోపల తోలు సీట్లు, కిటికీలకు పట్టు తెరలు, ముందర పువ్వులు పెట్టుకోవడానికి ఒక గాజు గొట్టం. రంగనాయకులు గారు పోయాక ఆయన భార్య వెంకటశేషమ్మ బంగళాలోనే ఉండిపోయింది. కొడుకు పద్మనాభయ్య బుచ్చిలో వ్యవసాయం చూసుకుంటూ వారానికొకసారి వచ్చి పోయేవాడు. కారు షెడ్డులో ఉండేది. జకరయ్య రోజూ తుడిచేవాడు. కోళ్ళు రోజూ వెనక సీటు మీద గుడ్లు పెట్టేవి.

పద్మనాభయ్య వచ్చిన రోజు చూసి పోలేరమ్మ చేపలు తీసుకుని బంగళాకు వెళ్ళింది. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

"అయ్యా, కారు అమ్ముతుండారంట."

"అవును. ఎవరన్నా అడగమన్నారా?"

"నేనే అడుగుతుండా."

ఆయన పేపరు దించాడు. ఆమెను చూశాడు, గంపను చూశాడు. చెడ్డవాడు కాదు, నవ్వు ఆగలేదంతే. "కారు కొని ఏం చేస్తావు పోలేరమ్మా?"

"ఎక్కతా."

"ఎక్కి?"

"నెల్లూరు పోతా. గంపలేసుకుని. మేము పన్నెండు మందిమి ఉండాము. ఒక్కసారిగా ఇయ్యలేము గానీ, నెమ్మదిగా చేపలో దుడ్లో ఇచ్చుకుంటాము."

అప్పటికి నవ్వు ఆగింది. "ఆ సీటు మీద కలెక్టర్లు కూర్చున్నారు. దాని మీద కవళ్ళ చేపల గంపలా? మా నాయన చూస్తే ఏమంటాడు?"

"మీ నాయన చూస్తే, గంపలో చందువలుండాయా అని అడుగుతాడు" అని లోపలి నుంచి వెంకటశేషమ్మ గొంతు వినబడింది.

"అమ్మా, నువ్వుండు" అన్నాడు పద్మనాభయ్య. మళ్ళీ పోలేరమ్మ వైపు తిరిగి, "అయినా బేరం అయిపోయినట్టే. గూడూరు నుంచి కామాక్షయ్య గారు ఆదివారం వస్తుండారు. టూరింగ్ టాకీసు ఆయనది. కారు పైన మైకు కట్టి, పక్కన బొమ్మలు పెట్టి ఊళ్ళు తిప్పుతాడంట" అన్నాడు.

పోలేరమ్మ చేపలు ఇచ్చి బయటికి వచ్చింది. గేటు దగ్గర ముసలమ్మ కాచుకుని ఉంది.

"ఏమన్నాడుమే?"

"సినిమా బొమ్మలు అంటించుకుంటే మర్యాదంట. చేపలు ఎక్కితే వాళ్ళ నాయనకు అవమానమంట."

"వాళ్ళ నాయన పోయినాడు గదా."

"పోయినోళ్ళకే మర్యాద ఎక్కువ కావాల" అన్నది పోలేరమ్మ.

*

ఆదివారం పొద్దున కామాక్షయ్య వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. వెంట క్రీస్తురాజు అనే ఫోటోగ్రాఫరునూ, మూడు కాళ్ళ కెమెరానూ తెచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, తలుపులు తీశాడు, వేశాడు, హారను నొక్కి ముచ్చటపడ్డాడు. వెనక సీటు మీద గుడ్డు ఒకటి దొరికితే జేబులో వేసుకోబోయి మానుకున్నాడు.

"కారు నాకు నచ్చింది పద్మనాభయ్య గారూ. ఒక్క ఫోటో మటుకు కావాలి. కరపత్రంలో వేసుకుంటా. కారు, పక్కన నేను, వెనక సముద్రం."

"ఇసకలో దిగుతుందా?" అని పద్మనాభయ్య జకరయ్యను అడిగాడు.

జకరయ్యకు ఆ మాట తన కులదైవాన్ని తిట్టినట్టుగా ఉంది. ఆయన కిరస్తానీ కాబట్టి ఆ దైవం కారే అనుకోవాలి. "అయ్యా, ఇది కారు కాదు, ఏనుగు. పెద్దయ్యగారు ఉండంగా దీన్ని ఏట్లో దించి ఎక్కించినా" అన్నాడు.

ఏనుగు ఇసకలోకి దిగింది. నిజం చెప్పాలంటే చాలా అందంగా దిగింది. తడి ఇసక మీద అద్దంలో పోయినట్టు కొంత దూరం పోయింది. ఒడ్డున వలలు బాగు చేసుకుంటున్న వాళ్ళంతా పని ఆపి చూశారు. నీళ్ళ అంచున జకరయ్య కారు ఆపి, దిగి, మీసం సవరించుకున్నాడు. కామాక్షయ్య ఒక బూటు కారు మెట్టు మీద పెట్టి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. క్రీస్తురాజు నల్లగుడ్డ కింద దూరాడు.

"కదలకండి" అన్నాడు గుడ్డ కింద నుంచి.

కారు ఆ మాట బాగా విన్నది. ఒకసారి కామాక్షయ్య కళ్ళు మూశాడు, ఇంకోసారి పంచె ఎగిరింది, ఇంకోసారి కుక్క అడ్డం వచ్చింది. అతను కదలకండి, కదలకండి అంటున్నంతసేపూ చక్రాలు ఏ చప్పుడూ లేకుండా లోపలికి పోతూనే ఉన్నాయి. ఫోటో అయ్యేసరికి మెట్టు ఇసకను తాకింది. జకరయ్య ఎక్కి ఇంజను తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి, ఇసక తవ్వి, అది మొత్తం తీసుకుపోయి కామాక్షయ్య బట్టల మీద పోశాయి. కారు ఇంకో జానెడు దిగింది.

అప్పుడే పోటు మొదలైంది. అల ఒకటి వచ్చి ముందు చక్రాన్ని తడిమి పోయింది.

పద్మనాభయ్య ఒడ్డు పైకి చూసి కేకేశాడు. "రండిరా అబ్బయ్యా. తలా ఒక రూపాయి ఇస్తా."

పోలేరమ్మ మొగుడు పెంచలయ్య అందరికంటే ముందు లేచాడు. రూపాయి అంటే అతనికి ఎప్పుడూ వినబడుతుంది. పదిమంది పోయి భుజాలు పెట్టి తోశారు. కారు కదలలేదు. చేతులు పెట్టి ఎత్తారు. వాళ్ళే కిందికి దిగబడ్డారు. మూడో అల మెట్టు మీదికి ఎక్కింది.

"తాడు కావాల" అన్నాడు పెంచలయ్య.

కారును లాగగల తాడు ఊళ్ళో ఒకటే ఉంది. అలివి వల తాడు. పడవ మీద ఆ వలను సముద్రంలోకి తీసుకుపోయి చుట్టూ వదిలి వస్తారు. తాడు రెండు కొసలూ పట్టుకుని రెండు వరసల మనుషులు ఒడ్డు నుంచి లాగుతారు. ఏడాదికొకసారి గంగమ్మ ముందు పెట్టి ఆ తాడుకు పసుపు పూస్తారు. దాన్ని పట్టుకుని లాగిన చెయ్యి ఎవరిదైనా, వచ్చినదాంట్లో ఆ చేతికి ఒక పాలు ఉంటుంది. దారిన పోయే బైరాగి సరదాకి చెయ్యి వేసినా, రెండు చేపలు చేతిలో పెట్టి మరీ పంపిస్తారు. ఆ పద్ధతి తప్పితే వల ఖాళీగా వస్తుందని భయం.

మగవాళ్ళు తాడు చుట్ట భుజాన వేసుకుని పరిగెత్తబోతుంటే పోలేరమ్మ అడ్డం వచ్చింది. ఊరి పెద్దను మా పల్లెలో కాపు అంటారు. ఆ కాపు రమణయ్య అక్కడే వల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన్ను అడిగింది.

"మామా, ఈ తాడు కూలికి లాగేదా, పాలుకి లాగేదా?"

రమణయ్య నోట్లోని చుట్ట తీశాడు. "అలివి తాడును కూలికి లాగినోడు ఎవురుండారు? మా తాత కాలంలో కూడా లేదు. పాలుకే."

"ఆ మాట ఆ అయ్యకు చెప్పాల గదా."

"చెప్పాల" అన్నాడు రమణయ్య.

ఆమె నీళ్ళ దాకా పోయింది. పద్మనాభయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎందుకో తెలియకుండా కారు తలుపు పట్టుకుని ఉన్నాడు.

"అయ్యా, ఇది అలివి తాడు. దీనికి రూపాయిలు చెల్లవు. పాలుకి లాగాల. మీకు సమ్మతమేనా?"

"పాలో గీలో, ఏదో ఒకటి. లాగండి ముందు."

"సమ్మతమేనా అయ్యా? అందరూ వింటుండారు."

"సమ్మతం, సమ్మతం. కారు మునిగిపోతుండాది."

పోలేరమ్మ వెనక్కి తిరిగి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పల్లె వైపు కేక వేసింది. గంపలు ఖాళీగా ఉన్న తక్కిన ఆడవాళ్ళు పదకొండు మందీ వచ్చారు. వాళ్ళ వెనక మిగతావాళ్ళు వచ్చారు. వెనక ఇరుసుకు తాడు బిగించి రెండు వరసలుగా నిలబడ్డారు. పాట ఎత్తుకున్నారు. పాట నడుమ పేరు పెట్టి లాగవలసిన చోట, చేప పేరు బదులు పెంచలయ్య 'నేరేడు పండు' అని వేశాడు. నవ్వుకు సగం బలం పోయింది. మిగిలిన సగంతో లాగారు. చాలకపోతే జకరయ్య వచ్చి తాడు పట్టాడు. క్రీస్తురాజు కెమెరా గట్టున పెట్టి వచ్చి పట్టాడు. ఆఖరికి పద్మనాభయ్య కూడా పంచె ఎగగట్టి వచ్చి, పోలేరమ్మ వెనక నిలబడి పట్టాడు. పట్టనిది కామాక్షయ్య ఒక్కడే. ఆయన రెండు చేతుల్లోనూ రెండు బూట్లున్నాయి.

ఇసక ఒక్కసారిగా పట్టు వదిలింది. ఏనుగు వెనక్కి నడిచి, నీళ్ళు కార్చుకుంటూ పొడి ఇసక మీదికి వచ్చింది.

*

పద్మనాభయ్య ఊపిరి పీల్చుకుని జేబులో చెయ్యి పెట్టాడు. జనం ఆయన వైపు చూడలేదు. చేపల కుప్ప చుట్టూ కూర్చున్నట్టు కారు చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. రమణయ్య కాపు పుల్ల తీసుకుని ఇసకలో గీతలు గీస్తున్నాడు.

"ఏం చేస్తుండారు వీళ్ళు?" అని కామాక్షయ్య అడిగాడు.

"పాలు ఏస్తుండారు" అన్నాడు జకరయ్య.

"దేన్ని?"

"కారును."

కామాక్షయ్య బూట్లు కింద పెట్టాడు. రమణయ్య తన మానాన తాను లెక్క చెబుతున్నాడు. "వల లేదు గనక వల పాలు లేదు. తాడు పాలు ఒకటి. లాగినోళ్ళకు తలా ఒకటి. జకరయ్యకు ఒకటి. ఆ ఫోటో అబ్బయ్యకు ఒకటి. పద్మనాభయ్య గారూ, మీరు కూడా లాగినారు. మీకూ ఒకటి."

"నా కారులో నాకొక పాలా?"

"లాగినారు గదయ్యా. పద్ధతి పద్ధతే."

పద్మనాభయ్య మొహం ఎర్రబడింది. "ఇదేం న్యాయం? అది చేప కాదు, కారు. నేను నెల్లూరు పోయి పోలీసులను పిలుచుకొస్తా" అన్నాడు.

"పిలుచుకురా. వాళ్ళు రాంగా నన్ను కూడా అడగమను" అన్న మాట వెనక నుంచి వినబడింది. వెంకటశేషమ్మ చేతికర్ర పొడుచుకుంటూ ఇసకలో నడిచి వస్తోంది. ఆమె బంగళా వరండాలో కూర్చుని, కారు దిగిన దగ్గర్నుంచి అంతా చూసింది. జనం లేచి దారి ఇచ్చారు.

"నువ్వు చిన్నోడివి, నీకు గుర్తుండదు" అన్నది కొడుకుతో. "మీ నాయన ఒకనాడు పొద్దున ఊరికే నడిచేదానికి ఈడికి వచ్చినాడు. అలివి లాగతా ఉంటే సరదా పుట్టి తాడు పట్టినాడు. ఆయాసం మనిషి, ఎంత లాగుంటాడో దేవుడికి తెలియాల. మధ్యాన్నానికి ఈ రమణయ్య వాళ్ళ నాయన గంప నిండా చేపలు తెచ్చి వాకిట్లో పెట్టినాడు. దొరవారి పాలు అన్నాడు. మీ నాయన వద్దన్నాడా? పులుసు పెట్టించుకుని రెండు పూటలా తిన్నాడు. ఆ కబురు మద్రాసు దొరలకు కూడా చెప్పుకున్నాడు, నేను సంపాదించిన చేపలు అని. ఆ పొద్దు పాలు తీసుకున్న ఇల్లు, ఈ పొద్దు ఇయ్యనంటే ఎట్టా నాయనా?"

తండ్రి మర్యాద గురించి మాట్లాడవలసినవన్నీ పద్మనాభయ్య అంతకుముందే మాట్లాడేసి ఉన్నాడు.

"చేపకు సొంతదారుడు లేడు, కారుకు ఉండాడు" అని రమణయ్య కాస్త మెత్తబడి అన్నాడు. "సగం ఇల్లుకు, సగం తాడుకు. అది చాలు."

"చాలు" అన్నది వెంకటశేషమ్మ.

కామాక్షయ్య పద్మనాభయ్యను పక్కకు పిలిచాడు. "నేను కారు కొందామని వచ్చినా గానీ, ఊరిని కొనడానికి రాలేదు" అని చెప్పి, బూట్లు తొడుక్కుని, క్రీస్తురాజును రమ్మన్నాడు. క్రీస్తురాజు మాత్రం తన పాలు సంగతి తేలేదాకా రానన్నాడు.

కారు గూడూరు పోలేదు. కానీ ఇప్పుడు మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఆ లైట్లు రెండూ పడవకు కడితే బ్రమ్మాండంగా ఉంటాయి" అంటున్నాడొకడు.

"టైర్లు నాకు ఇయ్యండి, పడవ పక్కకు కట్టుకుంటా."

"ఆ సీటు తీసి మా ఇంటి ముందర ఏసుకుంటా" అన్నాడు పెంచలయ్య. "కలెక్టరు మాదిరి కూర్చుంటా. పోలేరమ్మా, నువ్వు వచ్చి అర్జీ ఇచ్చుకో."

వెండి పక్షి మెడ మీద అప్పటికే ఒక చెయ్యి పడింది. ఇంకాస్త ఆలస్యమైతే కారు ముక్కలు ముక్కలుగా ఇంటికో దిక్కుకు పోతుంది. పోలేరమ్మకు ఏ ముక్క వచ్చినా అది నెల్లూరు పోదు.

ఆమె పోయి తన గంప తెచ్చింది. కారు వెనక తలుపు తీసి, తోలు సీటు మీద ఆ గంప పెట్టింది. తలుపు మూయకుండా పక్కన నిలబడింది.

వెండి పక్షి మెడ మీది చెయ్యి తప్పుకుంది. చేప ఇసక మీద పడేదాకా మగవాళ్ళ మాట నడుస్తుంది. పాలు పడ్డాక కుప్ప పక్కన ఏ ఆడమనిషి గంప పెడితే ఆ పాలు ఆమె చేతికి పోయినట్టే. అమ్ముతుందో, ఎండబెడుతుందో, పులుసు పెడుతుందో ఆమె ఇష్టం. మొగుడు ఆ తర్వాత నోరెత్తడు. ఇది ఎవరూ కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

ముసలమ్మ వచ్చి తన గంప పోలేరమ్మ గంప పక్కన పెట్టింది. ఆమె వెనక ఇంకొకామె. సీటు నిండితే కింద పెట్టారు. కింద నిండితే ముందు సీటులో పెట్టారు. ఆఖరున వచ్చినామె గంప కారు నెత్తిన పెట్టింది. పెంచలయ్య లేచి నిలబడి, తల గోక్కుని, మళ్ళీ కూర్చున్నాడు.

"నా కలెక్టరు ఉద్యోగం పోయింది" అన్నాడు.

వెంకటశేషమ్మ అంతసేపూ నవ్వుకుంటూ చూసింది. తర్వాత రమణయ్యను అడిగింది. "పడవ సముద్రంలోకి పోతే పడవకు ఒక పాలు ఉంటాది గదా కాపూ?"

"ఉంటాదమ్మా."

"అట్టయితే ఈ కారు నెల్లూరు పోయినపుడల్లా కారుకు ఒక పాలు ఉండాల. అందులో సగం మా ఇంటికి. చేపల లెక్కనే. పెట్రోలు ఈ ఆడోళ్ళది, జకరయ్యకు పాలు ఇచ్చేది కూడా వాళ్ళే. ఏం నాయనా, అమ్ముకుంటే ఒక్కసారి వస్తాది. ఇట్టా అయితే పొద్దున్నే చందువ వస్తాది."

పద్మనాభయ్య గంపలు నిండిన కారును చూశాడు, తడిసిన తన పంచెను చూసుకున్నాడు. అరచేతుల్లో తాడు ఒరిసిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఎందుకో ఆయనకు నవ్వొచ్చింది.

"నేను లాగిన పాలు మాటేంది?" అన్నాడు.

"దానికి రొయ్యలు" అన్నది పోలేరమ్మ.

*

ఆ రాత్రి జకరయ్య ఇంజనులో ఉప్పునీళ్ళు తుడిచాడు. ఆడవాళ్ళు తోలు సీట్ల మీద తాటాకు చాపలు పరిచారు. తెల్లవారుజామున వచ్చేసరికి వెంకటశేషమ్మ ముందు సీటులో కూర్చుని ఉంది. గాజు గొట్టంలో మల్లెపూలు పెట్టింది.

"మీరెందుకమ్మా?" అన్నాడు జకరయ్య.

"నా సగం మీద నేను కూర్చున్నా. రంగనాయకస్వామి గుడి దగ్గర దించు. తిరిగొచ్చేటపుడు మళ్ళీ ఎక్కించుకో."

వెనక గంపలు, గంపల మధ్యన ఆడవాళ్ళు, నెత్తిన ఇంకొన్ని గంపలు. కదిలినప్పుడు కారు ఒకసారి మూలిగింది. ఇందుకూరుపేట దాటాక ముందు బస్సు కనబడింది. జకరయ్య హారను కొట్టాడు. ఏనుగు ఘీంకరించినట్టు ఉంటుంది ఆ హారను. బస్సు పక్కకు తప్పుకుంది. కొత్త కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి, పెద్దమనుషులెవరో వస్తున్నారని చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టబోయాడు. పట్టు తెర పక్కకు జరిగింది. పోలేరమ్మ తల బయటికి పెట్టి, చాలా మర్యాదగా తిరిగి దణ్ణం పెట్టింది.

మార్కెట్టు ముందు కారు ఆగితే, ఎవరో అధికారి తనిఖీకి వచ్చాడనుకుని ఇద్దరు త్రాసులు దాచేశారు. తలుపు తీసుకుని గంపలు దిగాక గాని వాళ్ళ ప్రాణం కుదుటపడలేదు. ఇంకా ఎండ రాలేదు. గోడ నీడ కూడా అప్పటికింకా పడలేదు. పోలేరమ్మ రాయి మీద ఎవరిదో కొత్త గోనె ఒకటి మడిచి పెట్టి ఉంది. ఆమె దాన్ని తీసి, దుమ్ము దులిపి, పక్కన గోడ మీద జాగ్రత్తగా ఆరేసింది. తర్వాత రాయి మీద కూర్చుంది. పల్లం ఆమెకు సరిపోయింది. కానగంతల కళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. మొదటి మనిషి వచ్చి బొటనవేలితో నొక్కాడు. గుంట పడలేదు.

"కారులో వచ్చినాయంటగా?" అన్నాడతను.

"అవును. అందుకే కాస్త పొగరుగా ఉండాయి, గీచి గీచి బేరం ఆడకు" అన్నది పోలేరమ్మ.

*

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది కూడా ఆ కారులోనే, మల్లెపూల గొట్టం పక్కన, కాళ్ళ కింద ఖాళీ గంపతో. పెళ్ళిచీర ఇంకా ఉంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పూర్తిగా పోలేదు, పోవాలని నేనూ అంత గట్టిగా ఉతకలేదు.

కొమారి అంకమ్మ, డెబ్బై నాలుగేళ్ళు,
చిన్న కూతురి ఇల్లు, మూలాపేట, నెల్లూరు.